సున్నపు ముంత

తిమ్మక్కకు కల్లు రుచి తెలియదు. ముప్పై నాలుగేళ్ళుగా ఊరందరికీ కల్లు పోస్తున్న మనిషి గురించి ఈ మాట చెబితే కొత్తవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. నవ్వనివ్వండి. వేప్పనపల్లి దాటి కుప్పం వైపు పోతే సరిహద్దును ఆనుకుని బూరుగుదొడ్డి అని ఒక చిన్న ఊరుంది. అక్కడ ఎవరినడిగినా ఇదే చెబుతారు.

రుచి తెలియకపోయినా వాసన తెలుసు. రెండు బారల దూరంలో నిలబడి, ఆ ముంతలో ఉన్నది పొద్దుటి కల్లో నిన్న సాయంత్రం కల్లో, ఏ వరస చెట్టుదో చెప్పేస్తుంది. ఒకసారి వెంకటేశప్ప ఆమెకు పరీక్ష పెట్టాడు. ఊళ్ళో పెద్ద మనిషి, మేకల మందకు, మామిడితోపుకు యజమాని, ఏదీ ఊరికే నమ్మే రకం కాదు. నాలుగు ముంతలు వరసగా పెట్టి, తన తువ్వాలుతోనే ఆమె కళ్ళకు గంతలు కట్టించాడు. తిమ్మక్క నాలుగూ సరిగ్గా చెప్పి, అడక్కుండానే అయిదోది కూడా చెప్పింది.

"ఈ తువ్వాలు ఉతికి వారమైనట్టుంది వెంకటేశప్పా."

ఆ తర్వాత ఎవరూ పరీక్షలు పెట్టలేదు.

ఆమె ఇల్లు వంకకు ఇవతల, తమిళనాడులో. టెంకాయ తోపు వంకకు అవతల, ఆంధ్రాలో. మధ్యలో మోకాలి లోతు నీళ్ళు, నాలుగు జారుడు రాళ్ళు. ఇవతలి గట్టున కల్లు నిషేధం, చెట్టుకు ముంత కడితే కేసు, అవతలి గట్టున కడితే బతుకుదెరువు. ఆమె భర్త వరదప్ప పుట్టింది అవతలి గట్టునే, అక్కడి కల్లుగీత సంఘంలో పేరుంది, లైసెన్సు ఉంది. తిమ్మక్కను చేసుకుని ఇల్లరికం వచ్చాడు. అప్పటి నుంచి పొద్దున ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి వంక దాటి వెళ్ళి పద్నాలుగు చెట్లు ఎక్కి దిగుతున్నాడు.

చెట్టు ఎక్కడం ఒక్కటే పని అనుకుంటే పొరపాటు. విచ్చుకోని పూత పొత్తిని నారతో బిగించి కట్టాలి. చిన్న కట్టెతో దాన్ని తట్టాలి, గట్టిగా కాదు, నిద్రపోతున్న బిడ్డను జోకొట్టినట్టు. కొసను రోజూ రెండు పూటలా కాగితమంత పలచగా చెక్కి, కింద ముంత తగిలించాలి. అప్పుడు బొట్టు బొట్టుగా దిగుతుంది. పొద్దున దించింది తియ్యగా ఉండి, మధ్యాహ్నానికి నురగ పెట్టి, సాయంత్రానికి నషాళానికి అంటుతుంది. పులవకుండా ఉండాలంటే ముంత లోపల సున్నం పూసి కడతారు. అది సున్నపు ముంత. అందులో దిగిన రసం పులవదు, మత్తివ్వదు, ఒట్టి తీపి. చూలాలికీ, జ్వరం తగ్గినవాళ్ళకూ, చంటిపిల్లలకూ ఆ ముంత.

ఇక బంతి, అంటే ఏడాదికొకసారి అందరూ కలిసి కూర్చుని తాగే కూడిక సంగతి. మామిడి కోతలు ముగిశాక వచ్చే మొదటి ఆదివారం రెండు గట్ల వాళ్ళూ వరదప్ప తోపులో చెట్ల కింద చేరతారు. ఆడా మగా అందరూ నేల మీదే, గుండ్రంగా కూర్చోవాలి. తన టెంకాయ చిప్పలో తాను పోసుకోకూడదు. మొదటి చిప్ప నేలకు, రెండోది చెట్టెక్కినవాడికి, ఆ తర్వాత కుడి నుంచి ఎడమకు. మూడు చుట్లు తిరిగాక, ఏడాదంతా కడుపులో పెట్టుకున్న మాట ఎవరికైనా ఉంటే బయటపెట్టాలి. ఎదుటివాడు వినాలి. అన్నది కల్లే గానీ మనిషి కాదు, కాబట్టి ఆ మాటకు కోపం లేదు, పాపం లేదు, కీడు లేదు. తెల్లవారితే దాన్ని ఎవరూ మళ్ళీ ఎత్తకూడదు. ఈ ఒక్క కట్టుబాటు వల్ల బూరుగుదొడ్డిలో కోర్టుకు పోవలసిన తగాదాలు సగం తోపులోనే తీరిపోతుంటాయి.

పోసే మనిషి మాత్రం తాగకూడదు. తాగదు కాబట్టి మాట్లాడకూడదు. ఎవరికి చాలో చూసుకుని ముంత మూతి మీద గరిటె బోర్లిస్తుంది. బోర్లించాక ఇంకొక్క చిప్ప అని ఎవడూ నోరెత్తడు. మొదట అవతలి గట్టున ఉండే తిమ్మక్క అత్తగారు పోసేది, ఆమె తర్వాత తిమ్మక్క. అంటే ముప్పై నాలుగేళ్ళుగా ఊరి కడుపులోని మాటలన్నీ విన్నదే తప్ప, తన కడుపులోది ఒక్కటీ అక్కడ చెప్పింది లేదు.

చెప్పవలసింది లేకనా అంటే, ఉంది. ఒకటే ఉంది. అది ఇంట్లోనూ చెప్పడానికి లేదు.

చెట్టెక్కేవాడి ఇంట్లో ఆడమనిషి 'పడడం' అనే మాట అనకూడదు. అంటే కీడు. అత్తగారు కొత్త కోడలికి నేర్పిన మొదటి పాఠం అదే. ఆ ఇంట్లో వాన పడదు, వస్తుంది. చెంబు చేజారి కింద పడితే 'దిగింది' అంటారు. కొడుకు ధనుష్ చిన్నప్పుడు ఉయ్యాల మీద నుంచి బోర్లా పడి ముక్కు పగలగొట్టుకుంటే, ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏమైందని ఎంత అడిగినా తిమ్మక్క "ఉయ్యాల్లో నుంచి దిగినాడమ్మా" అనే చెప్పింది. డాక్టరమ్మ ఆమెను ఒకసారి, పిల్లవాడి ముక్కును ఒకసారి చూసి ఊరుకుంది.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం వరదప్ప మెడదాకా గుండీలు పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ మనిషి ఇంట్లో చొక్కా తొడుక్కోవడమే వింత. తిమ్మక్క గుండీలు విప్పి చూసింది. ఎదంతా చెక్కుకుపోయి ఉంది.

"ముళ్ళకంప గీరింది లే," అన్నాడు.

తిమ్మక్క టెంకాయనూనె వెచ్చచేసి రాసింది. మర్నాడు చొక్కా ఉతుకుతుంటే లోపలి నుంచి చెట్టు బెరడు పొట్టు రాలింది. మూడో వరసలో వంకర చెట్టు బెరడు. ఆ రంగు ఆమెకు తెలుసు.

అప్పటి నుంచి రెండు పూటలా గిన్నెలు వంకలోనే తోముతోంది. తోముతూ అవతలి తోపులో పొత్తి మీద కట్టె తట్టే చప్పుడు వింటుంది. టకటక, టకటక. చప్పుడు ఆగిందంటే ఆయన దిగుతున్నాడన్నమాట. ఇంకో చెట్టు మీద మళ్ళీ మొదలయ్యేదాకా ఆమె చేయి గిన్నె మీదే ఆగిపోతుంది. అలా పద్నాలుగు సార్లు. ఆ ఇంటి గిన్నెలు అంతగా మెరవడం చూసి పక్కింటి పచ్చయమ్మ, ఏ పొడి వాడుతున్నావని అడిగింది.

అరవై నాలుగేళ్ళ మనిషి. కొడుకు హోసూరులో ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఫోను చేసినప్పుడల్లా "చాల్లే నాయనా, మా కాడికి వచ్చేయండి" అంటాడు. "ఆడికొచ్చి ఏం చేసేది? లిఫ్టు ఎక్కి దిగుతా ఉండాలనా?" అని వరదప్ప నవ్వేస్తాడు. కొడుకు మాట ఆయన చెవి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంది. లోపలికి పోయేది తిమ్మక్క మాటే. అదేమో నోటి నుంచి రాకూడని మాట.

ఈ ఏడు బంతికి నాలుగు రోజుల ముందు కోడలు మంజుశ్రీ సెలవు మీద వచ్చింది. హోసూరులో సెల్‌ఫోన్లు తయారయ్యే చోట ఆమె పని క్వాలిటీ చెకింగు, అంటే రోజంతా తప్పులు పట్టడం. ఆ చూపు ఇంటికి వచ్చినా పోదు. రెండు పూటలు అత్త వెంట వంకకు పోయింది, మూడో పూట అడిగింది.

"అత్తా, ఆ గిన్నె తోమిందే తోమతా ఉండావు. ఎవురికోసం చెవులు పెట్టినావు?"

తిమ్మక్క చెప్పాలనుకోలేదు. కానీ అడిగినవాళ్ళు ఇంతకాలం ఎవరూ లేరు. చెప్పకూడని మాట ఒక్కటి తప్పించి మిగతాదంతా చెప్పింది.

మంజుశ్రీ అత్త చేతిలోని గిన్నె లాక్కుని పక్కన బోర్లించింది. "ఆదివారం నేను పోస్తాను. మన ఇంటి ఆడమనిషే కదా పోయాల్సింది. నువ్వు బంతిలో కూచో. మూడు చిప్పలు తాగు, ఆ మాట చెప్పేయి. కల్లు మీద అంటే కీడు లేదు గదా."

"నేనా? తాగేదా?"

"ఊరంతా తాగినారు గదత్తా నీ చేత్తో. ఒక దినం నా చేత్తో నువ్వు తాగు."

ఆ రాత్రి సంగటి ముద్ద ముందు తిమ్మక్క సంగతి చెబితే వరదప్ప చేయి నోటి దగ్గర ఆగింది. "బంతిలోకి కూచుంటావా? నువ్వా? ఏముంది నీకు చెప్పేకి?" అన్నాడు. తర్వాత బహుశా పోయినేడు తాను అడక్కుండా అమ్మేసిన పాడి ఆవు గుర్తొచ్చిందేమో, తల దించుకుని తినేశాడు.

ఆదివారం వచ్చింది. పొద్దు రెండు బారలెక్కేసరికి తోపు నిండింది. ఉలవ గుగ్గిళ్ళు, వేయించిన చెనక్కాయలు, కరవాడు అనే ఎండుచేప. మంజుశ్రీ కొంగు దోపి గరిటె పట్టుకుంది. ఒక్కొక్క చిప్పలో పోసి, వంగి, కంటికి సమానంగా చూసి, వెంట్రుకంత తక్కువైతే ఒక బొట్టు కలిపింది. ఇంత న్యాయంగా పోస్తే తాగినట్టే ఉండదని మాదేశ్ గొణిగాడు. వెంకటేశప్ప తోపు పక్కనే టమాటా వేసుకునే మనిషి మాదేశ్, గొణగడం అతనికి అలవాటు.

తిమ్మక్క పచ్చయమ్మ పక్కన కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేలకు ఒక చిప్ప, వరదప్పకు ఒకటి, తర్వాత అందరికీ పోస్తూ మంజుశ్రీ ఆమె దగ్గరికి వచ్చింది. అప్పుడు చేతిలో ముంత మార్చింది. వెనక విడిగా పెట్టిన చిన్న ముంత తెచ్చి మూత తీసింది.

తిమ్మక్క ముక్కు మోసపోయే ముక్కు కాదు. పులుపు లేదు. నురగ లేదు. లేతకాయ నీళ్ళ తీపి, దాని అడుగున తడి గోడ వాసన. సున్నపు ముంత.

తలెత్తి కోడలిని చూసింది. కోడలు మామ వైపు చూసి, చప్పున కళ్ళు దించేసింది. వరదప్ప అటు తిరిగి చెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు, ఆ కాయల్లో ఏదో పెద్ద రహస్యం ఉన్నట్టు. అంటే ఆయన పనే ఇది. పెళ్ళాం తాగి నలుగురిలో తూలుతుందని తీపి ముంత కట్టించి, కోడలి చేత ప్రమాణం చేయించి ఉంటాడు.

తిమ్మక్కకు ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. ఇది కల్లు కాదు. కల్లు కానప్పుడు కట్టుబాటు లేదు. ఇప్పుడు ఆ మాట అంటే అన్నది తిమ్మక్కే అవుతుంది. కీడు ఉంటే అదీ ఉంటుంది. లేచి, ఇది సున్నపు ముంత అని చెప్పేయవచ్చు. చెబితే వరదప్ప నవ్వులపాలవుతాడు, మాట కడుపులోనే ఇంకో ఏడాది ఉండిపోతుంది. ఏడాదంటే పద్నాలుగు చెట్లు, రోజుకు రెండు పూటలు.

చిప్ప ఎత్తి తాగింది. చాలా తియ్యగా ఉంది.

మూడు చుట్లు అయ్యాయి. ముందుగా మాదేశ్ గొంతు సవరించుకున్నాడు. "వెంకటేశప్పా, మూడేండ్లుగా నీ తోపులో ఆ మూల నీలం మామిడి చెట్టు కాయలు కోతులు తింటా ఉండాయని చెప్తా ఉండాను గదా. కోతులు కాదు, నేను."

"నాకు తెలుసప్పా," అన్నాడు వెంకటేశప్ప. "కోతులు కొమ్మలు విరస్తాయి. నువ్వు తొడిమె వదిలి అందంగా కోస్తావు. వచ్చే ఏడు ఆ పక్క చెట్టు కూడా చూసుకో, అదీ బాగానే కాస్తాది."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మాదేశ్ కూడా నవ్వాడు, మూడేళ్ళ బరువు దిగినవాడిలా. ఆ నవ్వు సద్దుమణుగుతుండగా తిమ్మక్క అంది.

"నాదొకటి ఉంది."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ముప్పై నాలుగేళ్ళలో ఆ గొంతు అక్కడ ఎవరూ వినలేదు.

"నేను చెప్పేది ఒక మనిషికే. ఎదురుగా చెనక్కాయలు వొలస్తా ఉండాడు. ఏమయ్యా, పోయిన వానల్లో నీ ఎద మీద గీరింది ముళ్ళకంప కాదు. మూడో వరస వంకర చెట్టు. దాని పొట్టు నీ చొక్కాలో ఉండింది. ఆ చొక్కా ఉతికింది నేనే."

వరదప్ప చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది.

"అప్పట్నించి దినానికి రెండు పూట్ల వంకలో కూచొని నీ కట్టె చప్పుడు వింటా ఉండాను. అది ఆగినప్పుడల్లా నా పానం ఆగిపోతా ఉంది. నాకు భయమయ్యా. నువ్వు పడతావు. ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు పడతావు. పడినాక నేను ఎవురికి సంగటి గెలికేది?"

అనేసింది. ఆ మాట రెండు సార్లు, మూడు సార్లు అనేసింది. చెట్ల తలల మీద గాలి ఒకసారి తిరిగింది. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. ఆఖరికి పచ్చయమ్మ ఆమె భుజం తట్టి, "కొత్త గదా, తిమ్మక్కకు బాగా తలకెక్కింది" అంది. అందరికీ ఊపిరి వచ్చింది. అవునవును, మొదటిసారి తాగితే అంతే, కల్లు అనింది లే, అని తలా ఒక మాట వేసుకుని నవ్వేశారు. మంజుశ్రీ ముంత మీద గరిటె బోర్లించింది.

వరదప్ప ఒక్కడు నవ్వలేదు. తన పెళ్ళాం తాగిన ముంతలో ఏముందో ఆయనకు తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు వంక దగ్గర ఆయన ముందు దిగి చేయి అందించాడు. తిమ్మక్కకు ఆ చేయి అవసరం లేదు, తల స్పష్టంగానే ఉంది. అయినా పట్టుకుంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. అన్న మాటను వెనక్కి తీసుకోవడం కుదరదు. పొద్దున ఆయన ఎప్పటిలాగే చెట్టెక్కుతాడు, ఈసారి తన మాట కూడా ఆయనతో పాటు ఎక్కుతుంది.

తెల్లవారింది. వరదప్ప కత్తి నూరాడు. చెట్టుకూ నడుముకూ చుట్టి ఎక్కే మోకు తాడును చూరులో నుంచి తీశాడు. తీసి, వెళ్ళకుండా అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ తెచ్చిన తిమ్మక్కను కూర్చోమన్నాడు.

"బంతిలో మాట మర్నాడు ఎత్తకూడదు," అన్నాడు.

"ఎత్తొద్దు."

"అది కల్లయితే గదా. సున్నపు ముంతకు ఆ కట్టు లేదు. నీకు ఎప్పుడు తెలిసింది?"

"మంజుశ్రీ మూత తీసినప్పుడే."

"తాగక ముందేనా?"

"తాగక ముందే."

వరదప్ప కాఫీ ఒక గుక్క తాగాడు. "అంటే తెలివిలో ఉండే అన్నావు."

"తెలివిలో ఉండే అన్నాను. తప్పయితే నాదే తప్పు." తర్వాత ఆమెకు కోపం గుర్తొచ్చింది. "నువ్వెందుకు కట్టినావు ఆ ముంత? నేను నలుగురిలో తూలి నీ పరువు తీస్తాననా?"

"పరువుదేముంది లే. వచ్చేటప్పుడు వంక దాటాలి గదా. ఆ రాళ్ళు జారతాయి. నీకు తాగి అలవాటు లేదు. యాడన్నా కళ్ళు తిరిగి..."

అక్కడ ఆగిపోయాడు. ఆ మాట ఆయన నోటికీ రాలేదు. తిమ్మక్క ఎదురుచూసింది.

"చెప్పు," అంది.

"పడతావేమో అని," అన్నాడు వరదప్ప.

మోకాలి లోతు నీళ్ళు, నాలుగు రాళ్ళు. దానికే ఆ మనిషి ఒక రోజు ముందుగా సున్నం తడిపి, ముంతకు పూసి, కోడలిని బతిమాలుకున్నాడు. తిమ్మక్క ముక్కు చీది, కొంగుతో ముఖం తుడుచుకుంది.

కాఫీ అయ్యాక ఆయన మోకు భుజాన వేసుకుని లేచాడు. వంక వైపు కాదు, ఊళ్ళోకి పోతున్నాడు. గీత సంఘంలోకి మూడేళ్ళ కిందట చేరిన సెల్వం ఇల్లు అటే.

"ఆ పది పొడుగు చెట్లు సెల్వాన్ని ఎక్కమంటాను. వానికి నడుము బాగుంది," అన్నాడు. "నాలుగు పొట్టి చెట్లు మాత్రం నావి, అవి బారెడు ఎక్కితే అందుతాయి. వాటి మీంచి పడితే చీమ కూడా చావదు. ఇంక ఏమన్నావంటే ఊరుకోను."

"ఏమీ అనను."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, తిమ్మక్క గిన్నెలు ముందు వేసుకుని పెరట్లోనే కొళాయి కింద కూర్చుంది. నాలుగు తోమిందో లేదో, చేతుల మీద చినుకులు. ఇంట్లో మంజుశ్రీ ఊరికి పోవడానికి బట్టలు సర్దుకుంటోంది.

"మంజుశ్రీ," అని తిమ్మక్క ఊరంతా వినబడేటట్టు కేకేసింది. "వాన పడతా ఉంది, కట్టెలు లోపల వేయమ్మా."